నన్నారి: ఒక నల్లని పానీయపు రుచి

ఎండలు ముదిరేకొద్దీ కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు బజారులలో నల్లని పాకపు సీసాల వరుసలు పెరుగుతూ వస్తాయి. సాలుకు సుమారు 700 మిల్లీమీటర్ల వానతో సరిపుచ్చుకొనే సీమ ఇది. వైశాఖమాసంలో ఉష్ణం 43, 44 డిగ్రీలకు చేరినప్పుడు బాటసారి అప్రయత్నంగా ఆ బండ్ల దగ్గర ఆగుతాడు. బండివాడు గ్లాసులో కొంచెం చిక్కని పాకం పోసి, నిమ్మకాయ పిండి, నానిన సబ్జాగింజలు వేసి, సోడా కొట్టి అందిస్తాడు. కోస్తావారు సుగంధిపాల అనీ, వైద్యగ్రంథాలు శారిబ అనీ వ్యవహరించే వేరుకు సీమలో నన్నారి అని పేరు. దాని పాకంతో చేసే పానీయానికీ అదే పేరు.

నల్లని పానీయమంటే పాశ్చాత్యులకు మొదట స్ఫురించేది స్టౌటు అనే బీరు. అందులో మిక్కిలి ఘాటైనది ఇంపీరియల్ స్టౌటు. 18వ శతాబ్దంలో లండను నగరంలోని సదర్క్ పేటనుండి, థ్రేల్ కుటుంబంవారి కార్ఖానాలో తయారైన ఈ బీరు పీపాలకెక్కి రష్యాకు ఓడలలో వెళ్ళేది. చక్రవర్తిని రెండవ కాథరిన్ (1762–1796) ఆస్థానంలో అది ఆదరణ పొందింది. దాని నలుపు మాడవేపిన బార్లీగింజలది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆంగ్లేయుడు గింజలు వేపే డోలుయంత్రానికి హక్కుపత్రం పొందిన తరువాత ఆ నలుపు తేవడం సులభమైంది. మామూలు బీరులో మద్యసారం నూటికి ఐదు పాళ్ళయితే, దీనిలో 8 నుండి 12 పాళ్ళ వరకు ఉంటుంది. రుచిచూడడమే వృత్తిగాగలవారు దీనిని వరుసక్రమంలో వర్ణిస్తారు: మొదట కాఫీ డికాక్షను వాసన, పిదప ముదురుపాకపు బెల్లం తీపి, ఆపైన హాప్ పువ్వుల చేదు, గొంతు దిగేటప్పుడు మద్యసారపు వేడి. కుండకు అడుగంటిన సంగటి మాడుచెక్కును ఎరిగిన సీమవాసికి అందులోని వేపుడు చేదు బొత్తిగా కొత్తకాదు. ఓక్ కర్రపీపాలలో నెలల తరబడి మాగిన స్టౌటులో అన్నిటికన్న చివర వనిల్లా పరిమళం తేలుతుంది. ఆ కర్రలోనుండి ఊరివచ్చే వనిలిన్ అనే పదార్థమే దానికి కారణం.

ఇక్కడ ఒక విచిత్రమున్నది. నన్నారివేరు పరిమళానికి ముఖ్యకారణమైన పదార్థం ఆ వనిలిన్‌కు తోబుట్టువు. రెండింటి అణువులలోనూ కార్బన్ పరమాణువులు 8, హైడ్రోజన్ 8, ఆక్సిజన్ 3. శాఖలు అతుక్కొన్న స్థానాలలో మాత్రమే భేదం. రసాయనశాస్త్రంలో ఇటువంటి జంటలను సాదృశ్యకాలంటారు. చలిదేశపు ఓక్ చెట్టూ, నల్లమల రాళ్ళసందున ప్రాకే తీగా ఒకే సామగ్రితో రెండు పరిమళాలను సృష్టించినవన్నమాట.

స్టౌటును పరీక్షించే పద్ధతిలోనే నన్నారినీ పరీక్షించవచ్చు. గ్లాసు పెదవికి తాకకముందే వాసన ముక్కును చేరుతుంది. అందులో వనిల్లా ఛాయ కలదు; దానివెనుక పాత కర్రపెట్టె తెరచినప్పటి పొడివాసన కలదు. నాలుకమీద ముందు తీపి, వెంటనే నిమ్మపులుసు, ఆ రెండూ తగ్గిన తరువాత వేరు తాలూకు సన్నని వగరు. మ్రింగిన పిమ్మట పరిమళం గొంతునుండి మరల ముక్కులోనికి ఎగసి, కొంతసేపు నిలిచివుంటుంది. ఈ చివరి ఘట్టమే నన్నారికి ప్రాణం. మద్యసారం బొట్టయినా లేని ఈ పానీయానికి ఘాటుదనం ఆ పరిమళంవల్లనే కలుగుతున్నది.

విద్యార్థులు దీనిని సులభంగా పరీక్షించవచ్చు. ముక్కు గట్టిగా మూసుకొని ఒక గుక్క త్రాగితే తెలిసేది తీపి, పులుపు మాత్రమే; అది నన్నారియో, వట్టి నిమ్మపానకమో చెప్పడం కష్టం. ముక్కు వదలిన క్షణంలో నన్నారి ప్రత్యక్షమౌతుంది. మనం రుచి అని పిలిచేదానిలో అధికభాగం ఘ్రాణేంద్రియానిదే. మంచుగడ్డలు నిండా వేసిన గ్లాసులో పరిమళమూ, తీపీ రెండూ మందగిస్తాయి; కుండనీటి చల్లదనంలో అవి చక్కగా వికసిస్తాయి.

నన్నారి పేరుతో వాడుకలో ఉన్న వేళ్ళు రెండు. సన్నని తీగెలాంటి వేరుగల సుగంధిపాల ఒకటి. వ్రేలిలావు కండగల మారేడు కొమ్ములు రెండవది. ఈ మారేడుకూ బిల్వవృక్షానికీ సంబంధం లేదు. పచ్చి మారేడు కొమ్మును నమిలితే నాలుక చురుక్కుమంటుంది. ముదిరిన కొమ్ములను కడిగి, దంచి, నడిమి కర్రను తీసివేసి, రాత్రంతా నీటిలో నానవేస్తారు. మరునాడు సన్నని సెగమీద కాచి, వడగట్టి, పంచదార చేర్చి పాకం పడతారు. పరిమళద్రవ్యానికి ఆవిరితో ఎగిరిపోయే గుణమున్నందున కాచేటప్పుడు పాత్రపై మూత ఉండడం అవసరం.

బార్లీకీ, నన్నారికీ గల పెద్ద భేదం ఇక్కడనే బయటపడుతుంది. బార్లీని రైతు ఏటేటా విత్తి ఏటేటా కోస్తాడు. మారేడు తీగ చాలవరకు కొండలలో తనంత తానుగా పెరిగేదే. నల్లమలలో చెంచులు తేనె, బంక, గడ్డలతోపాటు దీనినీ సేకరించేవారు. గిరిజనుల అటవీ ఫలసాయాన్ని కొనుగోలుచేయడానికి గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది. తేనె తీసిన చెట్టుకు మరుసటేడు మరల పట్టు పట్టవచ్చును. వేరంతా పెరికిన తీగకు మరుసటేడు లేదు. దక్షిణభారతపు కొండలలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఈ తీగను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య అంతరించే ప్రమాదమున్న జాతులలో చేర్చింది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కణజాలవర్ధన పద్ధతిలో దీని మొక్కలను పెంచే మార్గాలను పరిశోధించారు.

మాడ్చిన పంచదార రంగూ, కృత్రిమ వాసనద్రవ్యమూ కలిపిన పాకాలు కూడ అంగళ్ళలో లభిస్తాయి. వాటితోనే తృప్తిపడే తరానికి వేరు రుచి తెలియదు. అసలుదే కావాలనే వారి దాహానికి కొండ తరుగుతుంది. ఈ చిక్కు విడివడాలంటే నన్నారి కూడ బార్లీవలె చేనికి దిగాలి. సుగంధిపాల తీగను వేరుముక్కలతోనూ, కాడలతోనూ పెంచడం సాధ్యమే. పాఠశాల తోటలో ఒక కంచెమూల అందుకు చాలును. తాను నాటిన తీగనుండి, కొంత వేరు భూమిలోనే విడిచి, తక్కినది తీసుకొని పాకం కాచిన విద్యార్థికి వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం రెండూ ఒక్క గుక్కలో బోధపడతాయి.