మగ్గపు గుంటలో నడుమునొప్పి



మన చాకవేలు ప్రాంతమున నేత కుటుంబముల వారిని కుశలమడిగినచో ముందుగా వచ్చు మాట నడుమునొప్పి. గుంటమగ్గమున కాళ్ళు దించి, వంగి, దినమంతయు నాడె ఆడించువారికి నడుము, మెడ, మోకాళ్ళు పట్టుట వింత కాదు. కండెలు చుట్టు స్త్రీలకు భుజముల బాధ. పని ఆగిన కూలి ఆగును. కనుక మాత్ర మింగి మరల గుంటలో దిగుచున్నాము. నేనును నడుమునకు పట్టీ కట్టుకొని డాక్టరు వెంట డాక్టరు వద్దకు తిరిగినవాడనే. ఖర్చు పెరిగినది గాని నొప్పి పోలేదు.

మూడు నెలలు మించిన నొప్పిని దీర్ఘకాలపు నొప్పి యందురు. నిద్రలేమి, అప్పుల చింత, కదిలిన ఏమగునో యను భయము దానిని మరింత పెంచును. అందుచే ఒక్క మందుకు అది లొంగదు.

ఈ సంగతి గ్రహించిన వారిలో అమెరికా వైద్యుడు జాన్ బొనికా ముఖ్యుడు. కుస్తీలు పట్టి తానును నొప్పులు పడినవాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికుల ఆసుపత్రిలో, కఠినమైన నొప్పి గల రోగులను గూర్చి పలు శాఖల వైద్యులతో కలిసి ఆలోచించెను. 1953లో నొప్పి చికిత్సపై పెద్ద గ్రంథము వ్రాసెను. మన తెలుగునాట హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో రోగుల నొప్పి తగ్గించుటకు వైద్యులు, నర్సులు, సలహాదారులు కలిసి పనిచేయుదురు.

చీర ఒక్క చేతితో దిగునా? రంగు వేయువారు, పడుగు పోయువారు, కండెలు చుట్టువారు, నేయువారు అందరును కావలెను. నొప్పికిని అంతే. వైద్యుడు కారణము చూడవలెను. ఫిజియోథెరపిస్టు వ్యాయామము నేర్పవలెను. సలహాదారు మనసులోని భయము వినవలెను. ఇంటివారు చేయూత నియ్యవలెను.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుమునొప్పిపై సూచనలు వెలువరించినది. వ్యాయామము, అవగాహన, మానసిక సహాయము మేలన్నది. నడుము పట్టీలు వాడవద్దన్నది. నా పట్టీ వెల తలచుకొని నవ్వుకొంటిని.

కనుక సభ్యులు తమ ఆసుపత్రి చీటీలన్నియు ఒకచోట నుంచి, వెళ్ళినప్పుడెల్ల చూపవలెను. వ్యాయామము నేర్పువారెవరని అడుగవలెను. నడుమ నడుమ గుంట నుండి లేచి నాలుగడుగులు వేయవలెను. కాళ్ళు బలహీనపడినను, మలమూత్రములు పట్టు తప్పినను, నొప్పితో జ్వరము వచ్చినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. నొప్పితో నున్నవానిని సోమరి యనక, కొన్నాళ్ళు తేలికపని చూపుట సంఘము వంతు.

నొప్పి పూర్తిగా పోవునని నేను చెప్పజాలను. రాత్రి నిద్ర పట్టి, ఉదయము మగ్గము వద్దకు పోగలిగిన, అది మనకు చిన్న లాభము కాదు.