పెద్ద సాకెట్టు - సన్న తీగ

సికింద్రాబాద్‌లో రైల్‌టెల్ వాళ్ళ డేటా సెంటర్ ఉంది. అలాంటి చోట సర్వర్లనే కంప్యూటర్లు రాత్రింబవళ్ళు నడుస్తాయి. సర్వర్ గదుల్లో కరెంటుకు ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద సాకెట్లు కూడా పెడతారు. నీలం రంగుది 230 వోల్టులు, ఎరుపుది మూడు ఫేజులు, 400 వోల్టులు.

32 ఆంపియర్ల సాకెట్టుకు 10 ఆంపియర్ల సన్న తీగ నేరుగా కలిపితే? లోపమొచ్చి 20 ఆంపియర్లు పారితే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు! 32కు పెట్టిన ఎం.సి.బి. మాత్రం పడదు. తీగే కాలుతుంది. అందుకే మధ్యలో పంపిణీ పెట్టె పెట్టి, ఒక్కో తీగకు తగ్గ చిన్న ఎం.సి.బి., ఎర్తు ఇస్తారు. అది ఎలక్ట్రీషియన్ పని.

మన హాస్టల్లో ఐరన్ బాక్సు తీగల్ని అగ్గిపుల్లలతో గుచ్చే అన్నలూ, తమ్ముళ్ళూ! ఎర్తు లేకపోతే ఐరన్ బాక్సే షాకు కొట్టొచ్చు. ప్లగ్గు పెట్టించమని వార్డెన్ సారును అడుగుదాం. ఎం.సి.బి. పడిందని తిట్టకండి, అది మంటను ఆపింది!