హోప్ వజ్రం: శాపం కథది, నీలం బోరాన్‌ది

గుడిలో విగ్రహం కన్ను పెకలించి తెచ్చిన నీలి వజ్రం అది, తాకినవాడు నాశనమైపోతాడు. హోప్ వజ్రం గురించి నూరేళ్లకు పైగా చెప్పుకుంటున్న కథ ఇదే. దాన్ని ఐరోపాకు చేర్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్‌ను కుక్కలు పీక్కుతిన్నాయని కూడా అంటారు. నిజానికి ఆయన 1668లో ఈ రాయిని పద్నాలుగో లూయీ రాజుకు అమ్మి, 84 ఏళ్లు బతికాడు.

రాయి మాత్రం మన నేలదే. కృష్ణ ఒడ్డున పల్నాడులోని కొల్లూరు గనుల్లో దొరికిందని పరిశోధకులు భావిస్తున్నారు. అక్కడ దాదాపు 60 వేల మంది పనిచేసేవారని టావెర్నియరే రాశాడు. మగవాళ్లు తవ్విన మట్టిని ఆడవాళ్లు, పిల్లలు మోసేవారు. చుట్టూ చిన్న గోడ కట్టిన మడిలో పోసి, నీళ్లు పట్టి నానబెట్టి, బురద పోయాక ఎండబెట్టి, వడ్లు చెరిగినట్టు చెరిగి రాళ్లు ఏరేవారు. వాళ్లలో ఒక్కరి ఊసైనా శాపం కథల్లో వినిపించదు. నాకు బాధ కలిగించేది అదే.

1792లో, ఫ్రెంచి విప్లవం నడుస్తుండగా వజ్రం దొంగల పాలైంది. తర్వాత లండన్‌లో, మరింత చిన్నగా సానబెట్టిన రూపంలో బయటపడింది. ఇప్పుడది 45.52 క్యారట్లు. శాపానికి రెక్కలు తొడిగింది 20వ శతాబ్దపు పత్రికలూ, నగల వ్యాపారులూ. 1911లో పియర్ కార్టియర్ ఆ కథలన్నీ చెప్పి మరీ ఎవలిన్ మెక్‌లీన్ అనే సంపన్నురాలికి దీన్ని అమ్మాడు. ఆరు నెలల్లో ఇంట్లో ఎవరైనా చనిపోతే అంతే విలువైన వేరే నగలు ఇస్తామని ఒప్పందంలో రాసుకున్నారు కూడా! ఆ గడువులో ఏమీ జరగలేదు. వజ్రం కొన్న 8 ఏళ్ల తర్వాత ఆమె కొడుకు కారు ఢీకొని చనిపోయాడు, 35 ఏళ్ల తర్వాత కూతురూ పోయింది. ఆ తల్లి దుఃఖం నిజం. దాన్ని రాయికి అంటగట్టడం అన్యాయం.

అసలు అద్భుతం వజ్రం లోపలే ఉంది. వజ్రమంటే కర్బన పరమాణువుల అల్లిక. ఆ అల్లికలో పది లక్షలకు ఏ కొన్నో చోట్ల కర్బనం బదులు బోరాన్ కూర్చుంది. బోరాన్‌కు బంధాలు కట్టే ఎలక్ట్రాన్లు మూడే, కర్బనం కంటే ఒకటి తక్కువ. ఆ లోటు వల్ల వజ్రం ఎర్రని కాంతిని మింగేస్తుంది, నీలం మన కంటికి చేరుతుంది. అంతేకాదు, మామూలు వజ్రంలో పారని విద్యుత్తు ఇందులో పారుతుంది. అతినీలలోహిత దీపం కింద కాసేపు ఉంచి దీపం ఆర్పితే, చీకట్లో నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. చూసినవాళ్లకు శాపం గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. కానీ ఆ వెలుగుకు మూలం బోరాన్, నైట్రోజన్‌ల మధ్య ఎలక్ట్రాన్ల బదలాయింపు.

మరి ఆ బోరాన్ ఎక్కడిది? 46 నీలి వజ్రాల్లో చిక్కుకున్న ఖనిజపు నలుసులను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2018లో ఒక జవాబు చెప్పారు. సముద్రపు అడుగున నీటిని, బోరాన్‌ను పట్టుకున్న రాతిపలక భూగర్భంలోకి దిగబడి, 660 కిలోమీటర్లకు పైగా లోతుకు వాటిని మోసుకెళ్లిందట. ఇలాంటి వజ్రాలు అక్కడే పుట్టాయని వారి నిర్ధారణ.

1958లో నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ ఈ వజ్రాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపి, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి దానమిచ్చాడు. ఆ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అమెరికాలో ఉన్న మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. కొల్లూరు పేరూ, బోరాన్ పేరూ రెండూ చెప్పండి.