మీకు తెలుసా? సర్కారు దవాఖానాలో ఖాళీల లెక్క

2022 మార్చి నాటికి దేశంలోని పల్లెల్లో 24,935 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు (పీహెచ్‌సీలు) ఉన్నాయి. వాటిలో పనిచేస్తున్న డాక్టర్లు 30,640 మంది. కేంద్రానికి ఒక్కరు చొప్పున పంచినా 5,705 మంది మిగలాలి. అయినా ఆ ఏడాది గ్రామీణ ఆరోగ్య గణాంకాల పుస్తకంలో డాక్టర్ల కొరత 776 అని ఉంది. అది అచ్చుతప్పు కాదు. లోటున్న రాష్ట్రాల లోటును మాత్రమే కూడతారు, మిగులున్న రాష్ట్రాల మిగులును అందులోంచి తీసెయ్యరు. పద్ధతి న్యాయమైనదే. ఒక రాష్ట్రంలో ఎక్కువైన డాక్టరు ఇంకో రాష్ట్రంలో జ్వరానికి మందు రాయలేడు కదా.

అసలు మెలిక వేరే ఉంది. ఇక్కడ ‘అవసరం’ అంటే కేంద్రానికి ఒకే ఒక్క డాక్టరు. అదే పుస్తకంలో మంజూరైన పోస్టుల పక్కన పెట్టి చూస్తే సుమారు నాలుగో వంతు ఖాళీ. అందుకే అసెంబ్లీలో మంత్రిగారు కొరత పెద్దగా లేదంటారు, గేటు బయట టెంటు వేసుకుని కూర్చున్న ఉద్యోగ సంఘంవారు పావు వంతు పోస్టులు ఖాళీ అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఒకే పుస్తకంలో రెండు వేర్వేరు గళ్లు చదివితే చాలు.

*

ఒక్క డాక్టరు చాలన్న లెక్క మొదటి నుంచీ లేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన వేసిన కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. తక్షణ ఏర్పాటుగా 40 వేల జనాభాకు ఒక ఆరోగ్య కేంద్రం ఉండాలని, అందులో ఇద్దరు డాక్టర్లు, నలుగురు ప్రజారోగ్య నర్సులు, నలుగురు మంత్రసానులు, శిక్షణ పొందిన నలుగురు దాయీలు, ఒక ఫార్మసిస్టు, ఇలా మొత్తం 35 మంది పనిచేయాలని అది చెప్పింది. అంటే 20 వేల మందికి ఒక డాక్టరు. ఇప్పుడు మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక పీహెచ్‌సీ, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20 వేలకు ఒకటి. ఏజెన్సీలో ఒక్క డాక్టరు ఉంటే 1946 నాటి కొలతకు సరిగ్గా సరిపోయినట్టు, మైదానంలో ఉంటే ఇంకా వెనకే ఉన్నట్టు. భోర్ కమిటీ దీన్ని తాత్కాలికం అంది. దాని దీర్ఘకాలిక ప్రణాళికలో 10 నుంచి 20 వేల మందికి 75 పడకల ఆస్పత్రి ఉంది!

*

పాత తరం వాళ్లకు ఎల్.ఎం.పి. డాక్టర్లు గుర్తుండే ఉంటారు. ఎంబీబీఎస్ కన్నా తక్కువ కాలం చదివి, లైసెన్సు తీసుకుని, చిన్న ఊళ్లలో ప్రాక్టీసు పెట్టినవాళ్లు. భోర్ కమిటీ లెక్క తీసే నాటికి దేశంలో రిజిస్టరైన డాక్టర్లు 47,524 మంది. వారిలో 29,870 మంది, అంటే దాదాపు మూడింట రెండు వంతులు, ఈ లైసెన్సు వాళ్లే. ఇకమీదట ఒకే రకం డాక్టరు ఉండాలని కమిటీలో ఎక్కువమంది తీర్మానించారు. కొందరు సభ్యులు ఒప్పుకోలేదు. ఈ చదువు ఆపేస్తే పల్లెకు వెళ్లేదెవరని విడిగా రాసి పెట్టారు. గెలిచింది మెజారిటీ. వైద్య విద్య స్థాయి పెరిగింది, పల్లెలో మాత్రం చోటు ఖాళీ అయింది. అందులోకి ఎవరు వచ్చారో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ప్రతి ఊళ్లో ఒక ఆర్.ఎం.పి. ఉంటాడు. రాత్రి పన్నెండింటికి తలుపు కొడితే లేచి వచ్చేదీ, డబ్బు లేకపోతే తర్వాత ఇవ్వమనేదీ ఆయనే. అవసరం లేని సెలైనూ, యాంటీబయాటిక్కూ ఎక్కించేదీ ఆయనే.

ఛత్తీస్‌గఢ్ 2001లో పాత దారినే కొత్తగా తొక్కింది. మూడేళ్ల కోర్సు పెట్టింది. డాక్టర్ల సంఘం మండిపడింది, కోర్టు కేసులయ్యాయి, కొన్నేళ్లకే కోర్సు మూతపడింది. అప్పటికే చదివి బయటికొచ్చినవాళ్లను గ్రామీణ వైద్య సహాయకులుగా పీహెచ్‌సీల్లో వేశారు. వాళ్ల పనిని పోల్చి చూసిన 2010 నాటి అధ్యయనంలో మామూలు జబ్బుల విషయంలో వాళ్లు ఎంబీబీఎస్‌లకు ఏమీ తీసిపోలేదని తేలింది. కోర్సు మళ్లీ తెరుచుకోలేదు.

*

ఇప్పుడు అసలు గుండెకాయలాంటి సంగతి. పీహెచ్‌సీకి పైమెట్టు సామాజిక ఆరోగ్య కేంద్రం, సీహెచ్‌సీ. 30 పడకలు, ఆపరేషన్ థియేటర్, నలుగురు స్పెషలిస్టులు ఉండాలి: సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు. 2022 లెక్కలో గ్రామీణ సీహెచ్‌సీలు 5,480. నాలుగేసి చొప్పున 21,920 మంది కావాలి. ఉన్నది 4,485 మంది. దాదాపు 80 శాతం లోటు. ఈ అంకె పేపర్లలో చాలాసార్లు వచ్చింది, చదివి ఊరుకున్నాం.

ఆ నలుగురి పట్టికను ఇంకోసారి చూడండి. మత్తు డాక్టరు అందులో లేడు. సిజేరియన్‌కు గైనకాలజిస్టు ఒక్కరే చాలరు. మత్తు ఇచ్చేవారు కావాలి, పుట్టిన బిడ్డను చూసేవారు కావాలి. సగం కేంద్రాల్లో గైనకాలజిస్టు, సగం కేంద్రాల్లో మత్తు డాక్టరు ఉన్నారనుకుందాం. ఎవరెక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేసుకుంటూ పోతే ఇద్దరూ ఒకే చోట దొరికేది పావు వంతు కేంద్రాల్లోనే. పిల్లల డాక్టర్లు కూడా సగం కేంద్రాల్లోనే ఉంటే, ముగ్గురూ కలిసేది ఎనిమిదో వంతులో. జీతాలు సగం మందికి ఇస్తున్నాం, ఆపరేషన్ జరిగేది ఎనిమిది చోట్లకు ఒకచోట. మిగతా చోట్ల గైనకాలజిస్టు ఓపీ చూసి, కాన్పు కష్టమైతే పెద్దాసుపత్రికి రాసి పంపడమే. చేతిలో విద్య ఉండి కత్తి పట్టే అవకాశం లేని చోట ఏ డాక్టరు మాత్రం ఎన్నాళ్లుంటారు? ఖాళీ ఇంకో ఖాళీని కంటుంది.

దీనికి విరుగుడుగా ఎంబీబీఎస్ డాక్టర్లకే 18 వారాలు మత్తు ఇవ్వడంలో శిక్షణ ఇచ్చే పథకం ఒకటి కేంద్రం తెచ్చింది. మంచి ఆలోచన. కానీ అలా నేర్చుకున్నవారిని గైనకాలజిస్టు ఉన్న చోట వేస్తేనే అది అక్కరకొస్తుంది, బదిలీల జాబితా తయారుచేసేవారికి ఈ సంగతి పట్టాలి. నన్నడిగితే, కొత్తగా ఒక్క పోస్టూ ఇవ్వకుండా ఉన్నవారినే జట్లుగా తక్కువ కేంద్రాల్లో కూర్చోబెట్టినా సిజేరియన్లు పెరుగుతాయి. అలా చేస్తే మా మండలంలో డాక్టరును తీసేశారని గొడవ అవుతుంది, అదీ నిజమే.

*

108 అంబులెన్స్ మన దగ్గరే పుట్టింది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. బండి ఇంటి ముందుకు త్వరగానే వస్తోంది. పై పేరా చదివారు కాబట్టి, అది ఎక్కడికి తీసుకెళ్తుందన్న ప్రశ్న మిమ్మల్ని మీరే వేసుకోండి.

*

స్పెషలిస్టు ఎంత జీతం కావాలో తనే చెప్పొచ్చని, ప్రభుత్వం ఇస్తుందని జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఒక వెసులుబాటు ఉంది. ‘మీరడగండి, మేమిస్తాం’ అన్న పద్ధతి. మారుమూల ప్రాంతాల కోసం పెట్టారు. సర్కారీ కొలువులో జీతం బేరమాడగల ఏకైక జాతి వీళ్లేనేమో.

అదే మిషన్‌లో రెండో కొస ఆశా కార్యకర్త. దేశంలో దాదాపు పది లక్షల మంది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చి సత్కరించింది వీరినే. కాగితం మీద మాత్రం వీరు ఉద్యోగులు కారు, వాలంటీర్లు. జీతం కాదు, పారితోషికం. నెలవారీ పనులకు కేంద్రం ఇచ్చే స్థిరమొత్తం 2018లో వెయ్యి నుంచి రెండు వేలకు పెరిగింది. పైన పనికింత అని లెక్క, రాష్ట్రం కలిపేది వేరు. ఆంధ్రప్రదేశ్ 2019లో గౌరవ వేతనాన్ని మూడు వేల నుంచి పది వేలు చేసింది. ఉద్యోగి కాకపోతే పోస్టు లేదు, పోస్టు లేకపోతే ఖాళీ లేదు. ఒక ఊళ్లో ఆశా మానేసినా కొరత పట్టికలో ఒక్క అంకె కదలదు.

*

డబ్బు సంగతికొద్దాం. 2017 జాతీయ ఆరోగ్య విధానం రెండు గడువులు పెట్టింది. 2020కల్లా రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా వైద్యానికి ఇవ్వాలి, 2025కల్లా కేంద్రం, రాష్ట్రాలు కలిసి జీడీపీలో 2.5 శాతానికి చేరాలి. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 1.15 శాతం, 2021-22లో 1.84. పెరిగిన మాట నిజం. కానీ ఆ రెండో ఏడాది కోవిడ్ రెండో విడత, టీకాలు నడిచిన ఏడాది. దాన్ని పట్టుకుని సంబరపడితే వరదల ఏడాది చూసి చెరువు నిండిందన్నట్టే. అదే కాలంలో జనం సొంత జేబులోంచి పెట్టేది మొత్తం వైద్య ఖర్చులో 64.2 శాతం నుంచి 39.4కి తగ్గింది. అందులో పెద్ద వాటా ఆపరేషన్లది కాదు, మందులది. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్‌కు భరోసా అయింది, బీపీ మాత్రకు కాదు. బీపీ మాత్ర ఇవ్వాల్సింది పీహెచ్‌సీ.

*

మంజూరు వేరు, విడుదల వేరు. ఆరోగ్య మిషన్ నిధుల్లో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90, 10. 2014-15కు ముందు కేంద్రం వాటా రాష్ట్ర ఆరోగ్య సొసైటీ ఖాతాలో నేరుగా పడేది. ఆ ఏడాది నుంచి రాష్ట్ర ఖజానా మీదుగా వెళ్తోంది. ఖజానాలో సొమ్ముకు తొందరపడేవాళ్లు చాలామంది, కాంట్రాక్టు ల్యాబ్ టెక్నీషియన్ జీతం ఆ వరసలో ఎక్కడుంటుందో ఊహించుకోవచ్చు. నిధి ఆలస్యమైతే నియామకం ఆలస్యం, నియామకం లేకపోతే ఖర్చు కాదు, ఖర్చు కాకపోతే మార్చి 31 నాటికి అలాగే మిగిలిపోతుంది. మరుసటేడు, ఇచ్చిందే వాడుకోలేదన్న మాట పడాలి.

ఇంకో చిన్న సంగతి. మన దగ్గర జిల్లా, ఏరియా ఆస్పత్రులు నడపడానికి 1986లో చట్టం చేసి వైద్య విధాన పరిషత్‌ను పెట్టారు. స్వయంప్రతిపత్తి ఉంటే పనులు చురుగ్గా సాగుతాయన్నది ఉద్దేశం. దాంతో అక్కడి సిబ్బంది జీతాలు గ్రాంటు రూపంలో రావడం మొదలైంది. 010 పద్దు కింద జీతాలివ్వాలని వారు చేసిన ధర్నాల వార్తలు మీరూ చదివే ఉంటారు. 010 అంటే ఖజానా భాషలో జీతాల పద్దు. అందులో పేరుంటే ఒకటో తారీఖుకు కాస్త ధీమా.

*

డాక్టర్లను ఎంచుకునే పనికి పోలీసు, రెవెన్యూ పోస్టుల వరసలో నిలబడనక్కర్లేకుండా తమిళనాడు 2012లో వైద్య సిబ్బందికే ప్రత్యేక నియామక బోర్డు పెట్టింది. తెలంగాణ కూడా తర్వాత అలాంటి బోర్డే పెట్టుకుంది. సర్వీసులో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లలో వాటా ఇవ్వడం తమిళనాడు పట్టువదలకుండా కాపాడుకున్న ఇంకో పద్ధతి. రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పల్లెలో కొన్నేళ్లు పనిచేస్తే స్పెషలిస్టు చదువు దొరుకుతుందన్న ఆశ జీతం కన్నా గట్టిగా పనిచేస్తుంది. మన పీహెచ్‌సీ డాక్టర్లు ఈ కోటా కోసమే రోడ్డెక్కారు. చదువుకని వెళ్లిన ఆ మూడేళ్లు పీహెచ్‌సీలో ఎవరుండాలన్నది మాత్రం ఏ రాష్ట్రమూ పూర్తిగా తేల్చుకోలేదు.

ఒకప్పుడు మనమూ ఆ ఇంట్లోవాళ్లమే. దేశంలో మొట్టమొదటి ప్రజారోగ్య చట్టం 1939 నాటి మద్రాసు చట్టం. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే, 1953 తర్వాత కూడా అదే చట్టాన్ని పేరు మార్చి ఉంచుకున్నాయి. తమిళనాడు చట్టంతో పాటు ప్రజారోగ్యానికి విడి డైరెక్టరేటునూ, దానికే చదువుకున్న అధికారులనూ నిలబెట్టుకుంది. అక్కడ జిల్లాలో దోమల సంగతి చూసే అధికారి ఆ పనికే శిక్షణ పొందినవాడు.