అన్‌టై అనగా విప్పుట



ఇంగ్లీషు మీడియం చదువుచున్న కుమారుని కొరకు ఒక సహోదరి ఇట్లు అడిగినది: లూకా 19వ అధ్యాయములో గాడిదపిల్లను 'లూజ్' చేయమని పాత ఇంగ్లీషు బైబిలులో ఉన్నది, క్రొత్తదానిలో 'అన్‌టై' అని ఉన్నది, రెండును ఒకటేనా?

ఒకటేనమ్మా. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ తర్జుమాలో లూజ్ అనగా విప్పుట. ఇప్పుడు మనకు చొక్కా మాత్రమే లూజు! నేడు చెప్పులవారు, మూట, పశువు పలుపు విప్పుటకు అన్‌టై అందురు.

టై అనగా కట్టుట. అన్‌హ్యాపీలో 'అన్' అంటే 'కాదు' అని అర్థము. క్రియకు ముందు నిలిచిన 'అన్' అట్లు కాదు, అది జరిగిన పనిని వెనుకకు త్రిప్పును. అన్‌లాక్ కూడా అంతే. ముందు ముడి పడియుండాలి, తరువాత ఎవరైనా చేయి పెట్టాలి. ముడి దానంతటదే జారిపోతే 'కేమ్ అన్‌టైడ్' అని వేరుగా చెప్పుదురు.

ఇప్పుడు లూకా 13వ అధ్యాయము తెరవండి. 18 సంవత్సరములు నడుము వంగిపోయిన స్త్రీని యేసు విశ్రాంతిదినమున స్వస్థపరచగా సమాజమందిరపు అధికారి కోపించి, మిగిలిన 6 దినములలో రమ్మన్నాడు. ప్రభువు ఎద్దును, గాడిదను చూపించి జవాబిచ్చాడు. మూలమైన గ్రీకులో పశువుకును ఆ స్త్రీకిని ఒకటే క్రియ, 'లూయో'. కింగ్ జేమ్స్ రెండు చోట్లా లూజ్ అనియే వ్రాసినది. న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్‌లో పశువుకు అన్‌టై, స్త్రీకి 'సెట్ ఫ్రీ'. మన తెలుగులోను విప్పుట ఒకచోట, విడిపించుట మరొకచోట. అర్థము చెడలేదు గాని, ఆ జవాబులోని పదును కొంత తగ్గినదని నా అభిప్రాయము.

మన పల్లెలలో ఆదివారమున గేదె పలుపు విప్పి, నీళ్లు పెట్టి, ఆ తరువాతే బైబిలు పట్టుకొని గుడికి వస్తాము. సోమవారము వరకు ఆగమని గేదెతో ఎవరూ అనరు. అదే సంఘములో ఒక విధవరాలు తన కష్టము చెప్పుకొంటే? కమిటీ కూర్చోనివ్వండి, పండుగ వెళ్లనివ్వండి అంటాము. గేదెకు ఒక్క రాత్రి దాహము. ఆమె ఎన్నేండ్లుగా వంగియున్నదో మనలో ఎవరైనా అడిగామా?

బేతనియలోను ఇదే క్రియ కనబడును, యోహాను 11:44. నాలుగు దినములు సమాధిలో ఉన్న లాజరును ప్రభువు ఒక్క కేకతో బయటికి పిలిచాడు. కట్లు విప్పే పని మాత్రము చుట్టునున్నవారికి అప్పగించాడు. వాసన వచ్చునని మార్త ముందే చెప్పినది. విప్పాలంటే దగ్గరకు వెళ్లాలి, ఆ ప్రేతవస్త్రములను ముట్టాలి.

సహోదరీ, ఈ రాత్రి మీ అబ్బాయితో కూర్చొని లూకా 13:10-17 తెలుగులోను, రెండు ఇంగ్లీషు బైబిళ్లలోను చదవండి. ఆ క్రియ ఎక్కడెక్కడ ఉన్నదో అతనినే వెదకి గీత గీయమనండి.