పట్టణానికి వచ్చినవారికి ఒక రాత్రి చోటు

సాయంకాలము ఆఖరి పల్లె బస్సు కదిలిపోయిన తరువాత సత్తెనపల్లి వంటి పట్టణములో మిగిలిపోయేవారు కొందరుంటారు. కూతురిని కాన్పుకు చేర్చిన తల్లి ఒకరు. రక్తపరీక్ష కాగితము రేపు పదింటికి గాని రాదంటే ఆగిపోయిన ముసలాయన ఒకరు. కోర్టు వాయిదా మరునాటికి పడితే, పోయి రావడానికి చార్జీలు చాలక ఉండిపోయిన కూలివాడు ఒకరు. డబ్బున్నవారు లాడ్జీకి వెళతారు. చుట్టాలున్నవారు చుట్టాల గడప తొక్కుతారు. ఈ రెండూ లేనివారు ఆసుపత్రి వరండాలోనో, బస్టాండు బల్లల మీదనో, రైలు ప్లాట్‌ఫారము మీదనో తువాలు పరచుకుంటారు.

వీరిని చూచి మనము ఇల్లూ వాకిలీ లేనివారనుకుంటాము. కాని వీరికి ఇల్లున్నది, ఊరున్నది, ఇంటి దగ్గర ఎదురుచూచే పిల్లలున్నారు. ఆ ఇల్లు దూరముగా ఉన్నది, అంతే. నిలువ నీడ లేని నిరాశ్రయుల కొరకు పట్టణాలలో రాత్రి ఆశ్రయాలు ఉండాలని 2010లో సుప్రీముకోర్టు గట్టిగా చెప్పింది. అది మంచిదే. కాని పని మీద వచ్చి ఒకటి రెండు రాత్రులు ఉండవలసిన పేదవాని అవసరము వేరు. అతనికి కావలసినది ఆశ్రమము కాదు, బస.

ప్రియ చదువరులారా, ఈ అవసరము అందరికంటె ఎక్కువగా ఎవరిని బాధిస్తున్నదో ఒకసారి ఆలోచించుదాము.

తండా నుండి, గూడెము నుండి

మన ప్రాంతములో యానాదులున్నారు, ఎరుకలవారున్నారు, సుగాలి తండాలున్నాయి. పడమరగా మాచర్ల దాటి నల్లమల అంచుకు పోతే చెంచుగూడేలున్నాయి. వీరందరు షెడ్యూల్డు తెగలవారు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడి, సత్తెనపల్లి అందులో చేరి, నరసరావుపేట జిల్లా కేంద్రమయిన తరువాత కలెక్టరు కచేరి కొంత దగ్గరయింది. అయినా పెద్ద జబ్బు చేస్తే గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి పోక తప్పదు. తండా నుండి మండల కేంద్రానికి ఆటో, అక్కడి నుండి బస్సు, దిగిన తరువాత వరుసలో నిలబడటము. ఇంతలో పొద్దు వాలిపోతుంది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుండి పేదవానికి పెద్ద ఆపరేషను కూడ ఉచితముగా జరిగే వీలు కలిగింది. 2024 నుండి దానిని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. మంచము రోగికి దొరుకుతుంది. రోగి వెంట వచ్చిన మనిషి మాటేమిటి? పది రోజులు కూలి పోతుంది. హోటలు కూడు కొనాలి. తల వాల్చడానికి చోటు వెదుక్కోవాలి. ఈ ఖర్చుకు భయపడి వైద్యము సగములో వదలి ఇంటికి తిరిగిపోయేవారున్నారు. మందు ఉచితమే గాని, మందు దగ్గర ఉండటము ఉచితము కాదు.

ఇక లాడ్జీ అంటే గుర్తింపు కార్డు అడుగుతారు. కార్డు లేనివారు యానాదులలో, చెంచులలో ఇంకా ఉన్నారు. కార్డు ఉన్నా, చిరిగిన చీర, చంకలో బిడ్డ, చేతిలో మూట చూచి, గదులు ఖాళీ లేవని చెప్పేవారుంటే వారేమి చేయగలరు? సుగాలీలు ఇంట్లో తమ భాషే మాట్లాడుకుంటారు. ఆసుపత్రి చీటీ ఎక్కడ వ్రాయిస్తారో తెలుగులో అడగడానికే జంకే ముసలమ్మ, రాత్రికి చోటు ఎవరిని అడుగుతుంది?

ఈ జంకు ఊరకనే పుట్టలేదు

దీని వెనుక ఒక పాత గాయమున్నది. ఆంగ్లేయుల ప్రభుత్వము 1871లో నేరస్థ తెగల చట్టము తెచ్చింది. 1911లో దానిని మరింత బిగించింది. కొన్ని తెగలలో పుట్టినవారందరు పుట్టుకతోనే దొంగలని ఆ చట్టము ఉద్దేశము. మన కోస్తా జిల్లాలలో ఆ చట్టము ఎరుకలవారి మెడకు చుట్టుకున్నది. పేరు పోలీసు పుస్తకములో ఎక్కినవాడు వేరే ఊరిలో రాత్రి గడపాలంటే అనుమతి కాగితము చూపించాలి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురము అటువంటివారి కొరకు ఏర్పడిన సెటిల్మెంటే. సాల్వేషన్ ఆర్మీవారు దానిని నడిపారు. చదువు చెప్పారు, చేతిపని నేర్పారు, పొలాలు సాగు చేయించారు. అయినా హాజరు పిలుపు, అనుమతి చీటీ తప్పలేదు. ఈ రెండు సంగతులూ మన క్రైస్తవ చరిత్రలోనివే గనుక రెండింటినీ దాచకుండ చెప్పుకోవాలి.

ఆ చట్టము 1952లో దేశమంతట రద్దయింది. చట్టము పోయినా చూపు పోలేదు. ఊరిలో ఏదయినా పోతే మొదట ఎవరి గుడిసె వైపు చూస్తారో మనకు తెలియనిది కాదు. కాబట్టి ఈ కుటుంబాలవారికి పట్టణములో ఒక రాత్రి చోటు ఇవ్వడమంటే చాప పరచడము మాత్రమే కాదు. "నీవు ఇక్కడ ఉండవచ్చు, నిన్నెవరూ లేపి పంపరు" అని చెప్పడము కూడ.

గుంటూరులో ఒక సత్రము

ఇది మనకు కొత్త సంగతి కాదు. డాక్టరు అన్నా సారా కుగ్లరు దొరసానిగారు 1883లో లూథరన్ మిషను తరఫున గుంటూరు వచ్చారు. స్త్రీల కొరకు, పిల్లల కొరకు ఆమె శ్రమపడి కట్టించిన ఆసుపత్రి 1898లో తెరవబడింది. 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూశారు. ఆ ఆసుపత్రి ఆమె పేరనే కుగ్లరు ఆసుపత్రి అయింది.

ఆ రోజులలో రోగి ఒంటరిగా వచ్చేది కాదు. తల్లి, అత్త, చంటిబిడ్డ, వంటపాత్రలు అన్నీ బండిలో వచ్చేవి. ఇంటివారి చేతి కూడే గాని ఇతరులు వండినది ముట్టని కాలమది. వీరందరు ఎక్కడ ఉండాలి? ఏలూరు రాజావారు హిందువులు. తమ కుటుంబమునకు ఈ వైద్యురాలు చేసిన మేలుకు కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగడానికి ఆసుపత్రి ఎదుట ఒక సత్రము కట్టించారు. ఆసుపత్రి మిషనుది, సత్రము రాజావారిది. రోగికి మందు ఎంత అవసరమో, రోగి వెంట వచ్చినవారికి నీడ అంత అవసరమని ఇద్దరూ గ్రహించారు.

సాలూరు కొండల దారి

మన కాలములోనే మరొక మంచి ఏర్పాటు జరిగింది. ఉత్తరాంధ్ర కొండ గ్రామాలలో నెలలు నిండిన స్త్రీలను డోలీ కట్టి మైళ్ల దూరము మోసుకొని దిగేవారు. దారిలోనే కాన్పులయ్యేవి, ప్రాణాలు పోయేవి. కొండమీదికి రోడ్డు వేయడానికి సంవత్సరాలు పడుతుంది. కాన్పు అంతవరకు ఆగదు గదా! అందుచేత 2018లో పార్వతీపురము గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ఐటిడిఎ, సాలూరులో గర్భిణుల వసతి గృహము తెరిచింది. తరువాత గుమ్మలక్ష్మీపురములో కూడ ఏర్పాటయింది. నొప్పులు వచ్చిన తరువాత పరుగెత్తడము కాక, కాన్పు తేదీకి ముందుగానే దిగివచ్చి అక్కడ ఉంటారు. భోజనము పెడతారు, పరీక్షలు చేయిస్తారు, సమయము రాగానే ఆసుపత్రికి చేరుస్తారు.

ఇందులో గొప్ప యంత్రమేమీ లేదు. ఉన్న భవనము, మంచాలు, వంట, ఒక నర్సు, ఒక వాహనము. ఆసుపత్రి కొండెక్కలేనప్పుడు తల్లికి ఆసుపత్రి ప్రక్కన చోటిచ్చారు.

సముద్రము అవతల

ఆస్ట్రేలియాలోని ఆదిమవాసులకు కూడ ఇదే చిక్కు. ఎడారిలోని తమ గ్రామాల నుండి వైద్యానికి, కోర్టుకు, చావులకు వందల కిలోమీటర్లు దాటి పట్టణాలకు వస్తారు. చోటు లేక పార్కులలో పడుకుంటే అధికారులు లేపుతారు. బంధువుల ఇంట చేరితే ఆ ఇల్లు ఇరుకై తగవులు పుడతాయి. ఆ దేశ ప్రభుత్వము 1973లో ఆదిమవాసుల హాస్టళ్ల కొరకే ఒక సంస్థను నెలకొల్పింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్రూము, డెర్బీ, కాల్గూర్లీ వంటి పట్టణాలలో కొద్ది రోజుల బసకు ప్రత్యేక గృహాలు వెలిశాయి.

అక్కడ ఉచితమని చెప్పరు. పేదవాడు ఇవ్వగలిగినంత రుసుము తీసుకుంటారు. తాగి అల్లరి చేయరాదన్న నియమముంటుంది. డబ్బు ఇచ్చి ఉన్నవాడు బిచ్చగాడు కాడు, అతిథి. తల దించుకొని లోపలికి రానక్కర లేదు. ఇది మనము నేర్చుకోదగిన సంగతి.

మన వంతు

యేసుప్రభువు చెప్పిన మంచి సమరయుని కథ మనకు కంఠతా వచ్చు. అతడు గాయాలు కట్టాడని మనము ప్రసంగాలలో తరచు వింటాము. ఆ తరువాత అతడు చేసిన పని మీద అంతగా నిలువము. గాయపడినవానిని పూటకూళ్ల ఇంటికి చేర్చి, రెండు దేనారములు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీర్చుతానన్నాడు. జాలి ఒక గడియలో తీరిపోతుంది. బసకు లెక్క, ఖర్చు, బాధ్యత కావాలి.

మన పట్టణ సంఘాలకు మందిరాలున్నాయి, ప్రహరీలున్నాయి. ఆదివారము తప్ప తాళము వేసి ఉండే గదులు చాలా చోట్ల ఉన్నాయి. ఒక గది చాలు. స్త్రీలకు లోపలి గడియ ఉన్న గది, దగ్గరలో మరుగుదొడ్డి, రాత్రంతా వెలిగే దీపము, మంచినీళ్లు, గంజి కాచుకోవడానికి ఒక పొయ్యి కావాలి. పేరు, ఊరు వ్రాసుకునే పుస్తకము ఉండాలి, అందులో కులము గడి ఉండకూడదు. అర్ధరాత్రి నొప్పులు వస్తే 108కి ఫోను చేయగల మనిషి ఒకరుండాలి. ఆ మనిషి తండా నుండో యానాది కాలనీ నుండో వచ్చిన విశ్వాసి అయితే మరీ మంచిది. వచ్చినవారి మాట, బెదురు ఆమెకు తెలుస్తాయి. బసకు వచ్చినవారిని ప్రార్థనకు రమ్మని బలవంతము చేయరాదు.

ఒక్క సంఘము మోయలేకపోతే నాలుగు సంఘాలు కలిసి మోయవచ్చు. పల్లె సంఘాలకూ ఇందులో పాలున్నది. కల్లములో మిరప ఎండినప్పుడు, పత్తి అమ్మినప్పుడు కృతజ్ఞతార్పణ తెచ్చే కుటుంబాలు, పట్టణపు గదికి ఒక చాప, ఒక దుప్పటి, ఒక బస్తా బియ్యము పంపవచ్చు. ఆ దుప్పటి మీద పడుకునేది రేపు వారి పొలములో మిరపకాయలు కోసే తల్లే కావచ్చు.

మీ సంఘ కమిటీ ఈసారి కూడినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి. మన ప్రహరీ లోపల రాత్రివేళ ఖాళీగా ఉండే గది ఏది? దాని తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నది?