ఎదురుగాలికి వెళ్ళే పడవ



మా ఊరు గోదావరి గట్టున ఉన్నది. మా తాత నాటుపడవ మీద చేపలకు వెళ్తాడు. గాలి వెనక నుంచి వీస్తే తెరచాప ఎత్తుతాడు. ఎదురుగాలి వస్తే దించేసి తెడ్డు పట్టుకుంటాడు. కాబట్టి ఎదురుగాలికి తెరచాప పని చేయదనే నేను అనుకున్నాను. పోయిన నెల మన లైబ్రరీలో తెరచాప పడవల పందేల గురించి చదివాక అది తప్పని తెలిసింది.

ఈ పందేలు మొదట్లో రాజుల వేడుక. 1660లో డచ్చివారు ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు 'మేరీ' అనే పడవను కానుకగా ఇచ్చారు. 1661లో ఆ రాజు, ఆయన తమ్ముడు జేమ్స్ 100 పౌండ్లు పందెం కాశారు. థేమ్స్ నదిలో గ్రీనిచ్ నుంచి గ్రేవ్‌సెండ్ వరకు పోయి రావాలి. పోయేటప్పుడు ఎదురుగాలి, రాజు ఓడిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు గెలిచి డబ్బు దక్కించుకున్నాడు. రాజైనా సరే, గాలికి లెక్కలేదు!

1851లో 'అమెరికా' అనే ఓడ ఇంగ్లండు వచ్చి, వైట్ ద్వీపం చుట్టూ జరిగిన పందెంలో అక్కడి పడవలను ఓడించింది. ఆ కప్పునే నేడు అమెరికాస్ కప్ అంటారు. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట చేరింది.

మరి ఎదురుగాలికి పడవ ఎలా పోతుంది? తడి చింతగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి. నొక్కేది పక్కల నుంచే, కానీ గింజ ముందుకు జారిపోతుంది. పడవలో కూడా ఇంతే. ఏటవాలుగా బిగించిన తెరచాపను గాలి పక్కకు నెడుతుంది. పడవ అడుగున నీళ్ళలోకి నిలువుగా దించిన బల్ల పక్కకు పోనివ్వదు. ఇక పడవకు ముందుకు పోవడమే దారి. అయితే గాలికి సూటిగా పోలేదు. మన ఘాట్ రోడ్డులో బస్సు కొండను సూటిగా ఎక్కుతుందా? మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. పడవ కూడా కాసేపు కుడికి, కాసేపు ఎడమకు ఏటవాలుగా పోతూ గాలి వచ్చే వైపుకే చేరుతుంది.

ఇదంతా మా గదిలో చెప్తే ఒకడు, "సముద్రం లేనోళ్ళకి, డబ్బు లేనోళ్ళకి ఈ ఆట ఎందుకురా?" అన్నాడు. నాకు జవాబు రాలేదు. మళ్ళీ వెళ్ళి చదివాను.

1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల మేస్త్రి తక్కువ ఖర్చుతో, ప్లైవుడ్ షీట్లతో పిల్లల కోసం ఒక పడవ చేశాడు. అది చూడడానికి మొద్దు ముక్కుతో తొట్టిలాగా ఉంటుంది. పొడవు 8 అడుగులు కూడా లేదు. 15 ఏళ్ళ వరకు పిల్లలు ఒక్కరే నడుపుతారు. దాని పేరు ఆప్టిమిస్ట్, అంటే ఆశావాది. నేడు ప్రపంచమంతటా పిల్లలు ఈ పడవతోనే ఆట నేర్చుకుంటున్నారు.

మధ్యప్రదేశ్‌కు సముద్రమే లేదు. అక్కడి దేవాస్ జిల్లా రైతు కూతురు నేహా ఠాకూర్ భోపాల్ చెరువులో నేర్చుకుని, 2023 ఆసియా క్రీడల్లో 17 ఏళ్ళకే వెండి పతకం తెచ్చింది. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో నేర్చుకున్న ప్రీతి కొంగర కూడా అవే క్రీడల్లో మన దేశం తరఫున పాల్గొన్నది. వాళ్ళకు దొరికింది చెరువే, సముద్రం కాదు. ఇదే మా గదివాడికి నా జవాబు.

వేసవి సెలవుల్లో తాత పడవకు పక్కన ఒక బల్ల దించి చూడాలని ఉన్నది. తాత ముందు నవ్వుతాడు, తర్వాత తానే మేకులు వెతుకుతాడు. లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం ఎక్కను సార్! ఎదురుగాలికి పడవ కదిలిందో లేదో జూన్ నెలలో ఇదే గోడ మీద రాస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి